మెట్లులేని వాద్యము

నేను వాద్యమునే, అయినను తొలిసారి చూచువారు నన్ను వాద్యమని ఒప్పుకొనుటకు కొంత తటపటాయింతురు. వీణకున్న కుండయు దండియు నాకు లేవు, హార్మోనియమునకున్న తెలుపు నలుపు మెట్లును లేవు. పెట్టెలో వరుసలుగా బిగించిన లోహపు పలకలు, వానిపై త్రిప్పుటకు వీలైన గుండ్రని మరలు, మరలనడుమ రంధ్రములు, ఆ రంధ్రములనుండి వ్రేలాడుచు ఒండొంటితో పెనవైచుకొనిన రంగురంగుల తీగలు, ఇదియే నా స్వరూపము. టెలిఫోను ఎక్స్ఛేంజి పలకను ఎవరో ఇంటికి తెచ్చుకొనిరని భ్రమపడినవారిని నేను తప్పుపట్టను.

నా పేరు బుక్లా. నన్ను నిర్మించిన డొనాల్డ్ బుక్లాగారి ఇంటిపేరే నాకును వచ్చినది. ఆయన కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివినవాడు. ఆ రోజులలో శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటరునందు మార్టన్ సబోట్నిక్, రామన్ సెండర్ అను ఇద్దరు సంగీతకర్తలు, టేపును కత్తిరించి ముక్కలు అతికించి, అతికించినది విని, నచ్చక మరల కత్తిరించుచు, సంగీతరచన యనునది దర్జీపనిగా మారిపోవుచున్నదని విసిగియుండిరి. శబ్దమును కోయక, పుట్టినచోటనే వంచగల యంత్రమొకటి వారికి కావలసివచ్చెను. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సొమ్ములోనుండి లభించిన 500 డాలర్ల ప్రోత్సాహముతో బుక్లాగారు ఆ పనికి పూనుకొనిరి. అప్పుడు అవతరించినవాడు నా అన్న. న్యూయార్కు చేరినవాడను నేను.

ఇంచుమించు అదే కాలమున దేశముయొక్క మరియొక కొసను రాబర్ట్ మూగ్ అనునాయన, మాతో ప్రసక్తి లేకయే, ఇట్టి యంత్రమునే నిర్మించుచుండెను. ఆయన తన యంత్రమునకు పియానో మెట్లను తగిలించెను. మా బుక్లాగారు తగిలింపలేదు. మెట్లున్నచో చేతులు అలవాటుపడిన పాటలనే వెదకికొనునని ఆయన శంక. వానికి బదులుగా వ్రేలి స్పర్శను గ్రహించు రేకులను నాకమర్చిరి. ఏ రేకును తాకిన ఎంత వోల్టేజి వెలువడవలెనో వాయించువాడే మరలు త్రిప్పి నిర్ణయించుకొనును. ఆ వోల్టేజిని శ్రుతి నిర్ణయించు భాగమునకు పంపినచో శ్రుతి మారును, శబ్దబలము నిర్ణయించు భాగమునకు పంపినచో ధ్వని ఉబ్బి క్రుంగును. శబ్దము ప్రవహించుటకొక మార్గము, ఆజ్ఞలు ప్రవహించుటకు వేరొక మార్గము నాయందు కలవు. పొరపాటున కూడ ఒకటి మరియొకదానిలో దూరకుండ వాని తీగల కొనలే వేరువేరుగా చేయబడినవి.

అన్నిటికంటె నేను గర్వించునది నాలోని వరుసయంత్రము. ఎనిమిది లేక పదునారు స్థానములుగల ఈ యంత్రము ఒక్కొక్క స్థానమునందు నిలిచి, అక్కడ ముందుగా నిర్ణయించిన వోల్టేజిని వెలువరించి, కడపటికి చేరినంతనే మరల మొదటికి వచ్చును. ఆవర్తనము తాళజ్ఞులకు క్రొత్తదేమియు కాదు. కాని ఈ యంత్రము వెలువరించిన వోల్టేజిని దాని నడకను నడిపించు భాగమునకే తిరిగి పంపినచో, అది తన వేగమును తానే మార్చుకొనుచు, ఒకచోట పరుగెత్తి ఒకచోట నిలిచి, ఏ మార్దంగికునికిని అలవాటులేని నడకలు నడచును. సబోట్నిక్‌గారు స్వయముగా క్లారినెట్టు విద్వాంసులు; మనుష్యుని ఊపిరికి అందని ఈ నడకను చూచి వారు భయపడుటకు బదులు ముచ్చటపడిరి.

వారు 1966లో న్యూయార్కు వచ్చి, బ్లీకర్ వీధిలోని స్టూడియోలో నన్ను ప్రతిష్ఠించిరి. నాన్‌సచ్ అను రికార్డు కంపెనీవారు, ఎక్కడనో కచేరిలో జరిగినదానిని ముద్రించుటకు గాక, గ్రామఫోను రికార్డుకొరకే ఒక దీర్ఘమైన ఎలక్ట్రానిక్ కృతిని రచింపుమని కోరిరి. వాద్యబృందము లేదు, గాయకుడు లేడు, నిర్వాహకుడు లేడు. ఆయన, నేను, టేపు యంత్రములు. ఒకే వాద్యముతో రికార్డు చేయుటను ఏకభుక్తముగా, ఒక విధమైన సన్న్యాసముగా వర్ణించుట లోకమున పరిపాటి. నేనట్లు తలపను. ఒక తీగను ఒక రంధ్రమునుండి పక్కరంధ్రమునకు మార్చినంతమాత్రముననే క్రొత్త వాద్యము పుట్టుచున్నప్పుడు, కొరత యెక్కడిది? ఆయన కష్టమంతయు, పుట్టినవానిలో దేనిని ఉంచుకొనవలెను, దేనిని పోనీయవలెను అనుటయందే.

పోనీయుట యనగా నిజముగా పోవుటయే. నాకు జ్ఞాపకశక్తి లేదు. ఈ రాత్రి మరలను ఒక తీరున త్రిప్పి, తీగలను ఒక అల్లికగా అల్లి, పక్షుల కలకలమువంటి దానినో లోతునుండి వచ్చు మ్రోతవంటి దానినో పలికించిన పిమ్మట, రేపటి పనికై ఆ తీగలను పెరికివేసినచో, ఆ ధ్వని మరల నా వశమున ఉండదు. అందుచేత పలికినదానిని పలికినట్లే టేపుపై పట్టి, దానిమీద మరియొకటి చేర్చి, పొర పొరగా ఆయన కృతిని పెంచుకొనుచు పోయిరి. రికార్డునకు రెండు వైపులు గనుక కృతికి రెండు భాగములు, ఒక్కొక్కటి సుమారు 15 నిమిషములు. ఇంటిలో కుర్చీలో కూర్చుండి వినువానికే ఆ సంగీతము ఉద్దేశింపబడినది. వేరొకచోట జరిగిన కచేరికి అది ప్రతిబింబమని ఎవరైన అన్నచో నేను ఒప్పుకొనను.

1967లో 'సిల్వర్ ఆపిల్స్ ఆఫ్ ది మూన్' అను పేరుతో అది వెలువడెను. పేరు యేట్సు కవితనుండి గ్రహించినది. మరుసటి యేట వెండీ కార్లోస్ మూగ్ యంత్రముపై బాఖ్ కృతులను, ఒక్కొక్క స్వరపంక్తిని వేరుగా వాయించి టేపుపై కూర్చి, గొప్ప కీర్తి గడించిరి. ఆ రికార్డునకు మూడు గ్రామీ బహుమానములు కూడ వచ్చినవి. అసూయ లేదనుట అసత్యమగును. అయితే బాఖ్‌ను లోకము అంతకుముందే ఎరుగును. నా రికార్డు వినువానికి పట్టుకొనుటకు తెలిసిన రాగము ఒక్కటియు లేదు. అట్లుండియు ఆ 1968లోనే లండనులో గ్లెన్ టెట్లీగారు ఆ సంగీతమునకు బాలే కూర్చగా రాంబెర్ట్ బృందమువారు నర్తించిరి. పాదములు లేనివాని నడకకు పాదములు గలవారు అడుగులు వేసిరన్నమాట! అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు నా రికార్డును 2009 సంవత్సరపు జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చిరి.

రెండవ వైపున లయ వడిగా సాగు భాగమును మరల ఒకసారి పలికింపుమని అడుగువారు ఇప్పటికిని కలరు. ఏ తీగ ఎచ్చటనుండెను, ఏ మర ఎంత త్రిప్పబడెను అని వారు కాగితముపై పటములు గీచుకొని వత్తురు. వారికి నేను ఏమియు చెప్పలేను. రికార్డు తెచ్చి పెట్టుకొనుడు.