తరుగు పోను ఛాంపియన్

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు ఈ తంతు కొత్త కాదు. బస్తా నిండా నిగనిగలాడే ఎర్రకాయ ఉన్నా, ఖరీదుదారు చెయ్యి పెట్టి పైకి తీసేది మాత్రం ఆ ఒక్క తాలుకాయనే. దాన్ని వెలుగులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరుస్తాడు. బస్తా మొత్తానికీ ధర తెగిపోతుంది. తేమకింత, తాలుకింత తరుగు. పంట పండించినవాడు చేతులు కట్టుకుని నిలబడితే, జన్మలో నారు పోయనివాడు నాణ్యత తేలుస్తాడు.

ఈ విద్య యార్డు గోడ దూకి ఎప్పుడు బయటికొచ్చిందోగానీ, ఇప్పుడు హన్మకొండ చౌరస్తాలో టీ తాగే ప్రతివాడికీ వచ్చు. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5తో ఓడింది. సాయంత్రానికల్లా మా టీకొట్టు దగ్గర కాంటా వేలాడదీశారు.

"అయిపాయె. ఇగ ఆమె పని ఖతం," అని తీర్పిచ్చాడో పెద్దమనిషి, ఉస్మానియా బిస్కట్ టీలో ముంచుతూ. బిస్కట్ నానిపోయి సగం గ్లాసులోనే పడిపోయింది. దానికి ఎవరూ తరుగు కట్టలేదు.

తరుగంతా నిఖత్‌కే. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది కదా? అది పాత సరుకు, తీసెయ్. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం? అక్కడ పోటీ ఎక్కడిది, తీసెయ్. 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్? సొంతూరి గాలి, అదీ తీసెయ్. తరుగు పోను మిగిలింది తొమ్మిది నిమిషాల ఒక మధ్యాహ్నం.

ఆ తొమ్మిది నిమిషాల వెనక ఉన్న అసలు తూకం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇస్తాంబుల్‌లో ఆమె గెలిచింది 52 కిలోల విభాగంలో. పారిస్ మహిళల జాబితాలో ఆ బరువే లేదు. యాభైకి దిగాలి, లేదంటే యాభై నాలుగుకు ఎక్కాలి. రెండు కిలోలంటే మనకు ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందూ వెనకా ఉండే తేడా. బాక్సర్‌కు మాత్రం తిండి మానడం, నీళ్లు మానడం, ఒళ్లు పిండుకుంటూ పరుగెత్తడం. ఆమె దిగింది. సీడింగ్ దక్కలేదు. రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ ఎదురైంది. ఆ వూ యూ ఎవరనుకున్నారు? 2023లో ఢిల్లీలోనే 52 కిలోల ప్రపంచ ఛాంపియన్. అంటే ఒకే పోటీలో టైటిళ్లు కొట్టిన ఇద్దరిని ఒకే మూటలో కుక్కారు. అందులో గెలిచినామె నేరుగా స్వర్ణం దాకా వెళ్లింది. కానీ ఓడినామె పని ఖతం!

"అసలు గా మేరీకోమ్‌తోని ఎందుకు పెట్టుకున్నట్టు?" అని రెండో ఆయన అందుకున్నాడు. ఇది 2019 నాటి కేసు, కానీ మన దగ్గర పాత కేసులు మూయరు కదా. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మేరీకోమ్‌ను ట్రయల్స్ లేకుండానే ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు పంపే ఆలోచన నడుస్తుంటే, ఇరవై మూడేళ్ల నిఖత్ ఏకంగా క్రీడా మంత్రికి లేఖ రాసింది. నాకూ ఒక అవకాశం ఇవ్వండి, రింగ్‌లోనే తేలుద్దాం అని. డిసెంబరులో తేలింది కూడా: 9-1తో మేరీకోమ్ గెలిచింది. చేయి కలపడానికి కూడా ఒప్పుకోలేదు.

నోరు మూసుకుని కూర్చుంటే ఆ ఓటమి ఆమె ఖాతాలో ఉండేదే కాదు. ఇదీ మన పెద్దల జ్ఞానం. నిజమే, ఊరుకున్నవాడి రికార్డు ఎప్పుడూ మల్లెపువ్వే. సేఫ్ సీటు దొరికేదాకా నియోజకవర్గాలు తిరిగే మా నాయకులను చూడండి, గ్లవ్స్ వేసుకోకుండానే అజేయులు!

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఈ జ్ఞానాన్ని ఏకంగా వ్యాపారం చేశారు. సున్నాను కనిపెట్టింది మేమేనని మనం గొప్పలు చెప్పుకుంటాం, దానికి గుడి కట్టింది మాత్రం వాళ్లు. ఓటముల గడిలో సున్నా ఉంటే టికెట్ రేటు ఒకటి, పోతే ఇంకొకటి. అందుకే మేనేజర్లు ప్రత్యర్థిని పెళ్లి సంబంధంలా వెతుకుతారు. పిల్లవాడు బుద్ధిమంతుడై ఉండాలి, ఎడమ చేత్తో గట్టిగా కొట్టకూడదు. మేవెదర్-పకియావో పోరు మాటలు 2009లో మొదలైతే గంట మోగింది 2015లో. అప్పటికి ఒకరికి 38, ఇంకొకరికి 36. కాయ ముదిరాక కోసి, కొత్త పంట ధరకు అమ్మారు. మేవెదర్ చివరికి 50-0తో దుకాణం కట్టేశాడు. తాడు పట్టుకుని పల్టీ కొట్టి రింగ్‌లోకి దూకే నసీమ్ హమీద్ 2001లో బరేరా చేతిలో ఒక్కసారి ఓడి, ఆపైన ఒకే ఒక్క బౌట్ ఆడి, ఇరవై ఎనిమిదేళ్లకే తెర దించేశాడు. మహమ్మద్ అలీ లెక్క చూస్తే ఐదు ఓటములు. మా టీకొట్టు కాంటా మీద పెడితే ఆయన అసలు సిసలు తాలు.

ఇంతకీ ఖతమైన మనిషి ఏం చేసిందంటారా? 2024 సెప్టెంబరులో డీఎస్పీగా చేరింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో టర్కీ బాక్సర్ చేతిలో మళ్లీ ఓడింది. నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచింది. ఆ రోజు మా టీకొట్టు దగ్గర కాంటా తీయలేదు. క్రికెట్ ఉందేమో.

నాకు మాత్రం మా ఖిలా వరంగల్ మీద బెంగ పట్టుకుంది. ప్రతాపరుద్రుడి రికార్డు ఎవరైనా తిరగేస్తే ఏం గాను? 1303లో ఢిల్లీ సేన మీద గెలుపు. 1310లో మాలిక్ కాఫుర్‌కు కప్పం. ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలం. 1323లో మళ్లీ వచ్చినప్పుడు ఓటమి, చెర, ఢిల్లీ దారిలోనే మరణం. ఆఖరి బౌట్ ఓడిన మనిషి. టీకొట్టు లెక్కన రుద్రమదేవి మనవడి పనీ ఖతమే.

మొన్న ఆదివారం కోటకు వెళ్తే అదే బిస్కట్ పెద్దమనిషి కనిపించాడు. మనవణ్ని కీర్తి తోరణం ముందు నిలబెట్టి ఫోటో తీస్తున్నాడు. ఓడిపోయిన రాజు కోట కదా, దీనికి తరుగెంత అని అడగబోయాను.

"జర పక్కకు జరుగు సార్," అన్నాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "తోరణం మొత్తం పడ్తలేదు."