విటమిన్-ఇ గుళిక ఆత్మకథ

మందుల డబ్బా అడుగున, గడువు తీరిన జ్వరపు మాత్రల నడుమ, వేసవి ఉక్కకు ఒడలు జిగురై పడియున్న ఆకుపచ్చని గుళికను నేను. కర్మాగారమున జెలటిన్ తిత్తిలో నూనె నింపి నన్ను చేసిన వైనము చెప్పుకొనదగినంత ఘనమైనది కాదు గాని, నా వంశము గొప్పది. 1922లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ అను శాస్త్రజ్ఞులు, గర్భము ధరించియు నిలుపుకొనజాలని ఎలుకలను పరీక్షించి నా ఉనికిని పసిగట్టిరి. 1936లో గోధుమ బీజాంకుర తైలమునుండి నన్ను వేరుచేసిరి.

జీవకణముల పొరలలోని కొవ్వు చెడకుండ కాచుట నా కులవృత్తి. 1956లో డెన్‌హామ్ హార్మన్ అను పండితుడు, ఫ్రీ రాడికల్స్ అను చపలాణువుల తాకిడిచే దేహము ముదియునని సిద్ధాంతము చేసిన పిమ్మట, వానిని అడ్డగింపగల నన్ను మింగినచో వార్ధక్యమే వెనుదిరుగునని జనులు తలపోసిరి. ఆ మాట నేనెన్నడిచ్చితిని? అమెరికా, కెనడాలలో 35,000 మందికి పైబడిన పురుషులతో జరిపిన పరీక్షలో, దినమునకు 400 యూనిట్ల చొప్పున నన్ను పుచ్చుకొన్నవారిలో ప్రోస్టేటు క్యాన్సరు, వట్టి మాత్ర మింగినవారికంటె 17 శాతము హెచ్చుగా కనబడెనని 2011లో ప్రకటించిరి. పొగత్రాగువారికి నా జ్ఞాతి బీటా కెరోటిన్ చేసిన కీడు ఫిన్లాండులో 1994 నాటికే బయటపడియుండెను.

ఈ యింటి యజమాని, ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి, వైద్యుని అడుగక పొరుగువాని మాటపై నన్ను కొనితెచ్చి, కొన్నాళ్లు భక్తితో సేవించి, ముఖముపై ముడుతలు చెక్కుచెదరకుండుట చూచి విసిగి మానెను. ఆయన కోడలు నా తోబుట్టువులను గుండుసూదితో పొడిచి, కారిన నూనెను చెంపలకు, జుట్టునకు రాచుకొనెను. నాకు ఆ యోగమైనను పట్టలేదు. పెద్దవారికి దినమునకు 15 మిల్లీగ్రాములు చాలునని అమెరికా నిపుణుల లెక్క; నాలోనున్నవి 400. ప్రక్కనే వంటింటిలో వేగుచున్న వేరుసెనగపలుకులలోను, పోపు పెట్టిన పొద్దుతిరుగుడు నూనెలోను నేనే యున్నాను. అచ్చట నన్నెవ్వరు గుర్తింపరు, పొగడరు, నిందింపరు.

నిన్న యజమానికి రక్తము పలుచబరచు మాత్రలు వ్రాసియిచ్చిరట. వానికి తోడుగా బలమునకని నన్ను మరల వెదకుచున్నాడు. అయ్యా, పెద్ద మోతాదున నేను రక్తస్రావమును హెచ్చింతును. ఆ మాత్రలతో నన్ను కలుపబోవు ముందు వైద్యునికి నా పేరు చెప్పి అడుగుడు.