నడక శాఖాధికారి గారికి ఒక అర్జీ

గౌరవనీయులైన నడక శాఖాధికారి గారికి,

(అలాంటి శాఖ ఇంకా ఏర్పడలేదని అర్జీదారుకు తెలుసు. ఏర్పడిన రోజున మొదటి ఫైలు ఇదే కావాలని ఆయన ఆశ.)

విషయం: బడికెళ్లే ఇద్దరు పిల్లలతో కాకినాడ నుంచి హైదరాబాదుకు మకాం మార్చిన కుటుంబం, నడవడానికి వీలైన పేట కోసం వెతికిన వైనం.

అయ్యా,

అర్జీదారు బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. ఆఫీసు నాంపల్లిలో. అయిదో తరగతికి వచ్చిన కూతురు, రెండో తరగతికి వచ్చిన కొడుకు, ఇంకా లారీలోంచి దించని రెండు చిన్న సైకిళ్లు ఆ కుటుంబానికి ఉన్నాయి. కాకినాడ వీధులు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. పిల్లలిద్దరూ అక్కడ బడికి నడిచే వెళ్లేవారు. అదో గొప్ప సంగతని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

హైదరాబాదులో ఇల్లు వెతకడానికి ఒక వరస ఉందని వచ్చాకే తెలిసింది. ముందు ఆఫీసు ఎంత దూరమో చూడాలి. ఆ తర్వాత తూర్పు ముఖం, కారు పార్కింగు, మంజీరా నీళ్లు. బడి ఎక్కడో చివర్న వస్తుంది, నడక అసలు రాదు. ‘ఇక్కణ్ణుంచి పిల్లలు బడికి నడిచి వెళ్లొచ్చా?’ అని అడిగితే బ్రోకరు జాలిగా చూసి, ‘ఎందుకు సార్, బస్సు గేటు దాకా వస్తుంది’ అన్నాడు. ఆ మే నెలంతా ఏ బ్రోకరును అడిగినా ఇదే జవాబు.

మొదట చూసిన ఇల్లు పడమటి వైపున, బావమరిది ఉండే ముప్ఫై అంతస్తుల సముదాయంలో. లోపల నడవడానికి రబ్బరు పరిచిన మెత్తటి ట్రాక్ ఉంది. పొద్దున పెద్దవాళ్లు దాని మీద గడియారం చూసుకుంటూ గుండ్రంగా తిరుగుతారు. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడితే బడి కనిపిస్తుంది, గాలి అటు నుంచి వీస్తే గంట కూడా వినిపిస్తుంది. మధ్యలో ఆరు వరసల రోడ్డు, డివైడరు పొడవునా ఇనప గ్రిల్లు. అందుకని బావమరిది కొడుకు బస్సెక్కి ఎడమకు తిరిగి, యూ-టర్న్ దాకా వెళ్లి, మరో రెండు సముదాయాల పిల్లల్ని ఎక్కించుకుని, అరగంటకు ఎదురుగా ఉన్న భవనానికి చేరుకుంటాడు. వాళ్లమ్మ బాల్కనీలోంచి చెయ్యి ఊపుతుంది.

ఇందులో ఒకరి తప్పంటూ లేదు. బండి ఆగకూడదన్న ఉద్దేశంతో నగరం కొన్నేళ్లుగా చాలా కూడళ్లను మూసి యూ-టర్న్‌లు తెరిచింది, ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టింది. బండ్లు ఆగకపోతే మనిషి దాటేదెప్పుడు? ఎర్ర దీపం కారువాడికి విసుగే కావచ్చు. పుస్తకాల సంచీతో అంచున నిలబడ్డ పిల్లకు మాత్రం ఆ రోడ్డుకున్న తలుపు అదొక్కటే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే రోజుకు దాదాపు తొంభై మంది. బ్రోకర్ల మాటలో అబద్ధం లేదన్నమాట. ఆ రోడ్ల మీదికి పిల్లల్ని వదలమని అర్జీదారు కూడా ఎవరికీ చెప్పరు.

అందుకే ఇల్లు చూడటం ఆపి వీధి చూడటం మొదలుపెట్టారు. పట్టణ ప్రణాళిక తెలిసినవాళ్ల దగ్గర ఒక సరదా కొలత ఉంది: పిల్లవాడు ఒంటరిగా వెళ్లి పుల్ల ఐస్ కొనుక్కుని అది కరిగేలోపు ఇంటికి తిరిగి రాగలిగితే అది మంచి పేట. హైదరాబాదు మే నెల ఎండలో ఈ పరీక్ష నెగ్గడం కష్టమని, అర్జీదారు భార్య దాన్ని పాలపాకెట్ పరీక్షగా మార్చారు. కూతురి చేతికి డబ్బులిచ్చి పంపడం, ఇరవై అడుగులు వెనక తాను నడవడం. పిల్ల ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రోడ్డు మధ్యకు దిగింది, ఎక్కడ వెనక్కి తిరిగి అమ్మకేసి చూసింది, ఈ మూడే రాసుకునేవారు. ప్రతి పేటకూ రెండుసార్లు వెళ్లారు: ఒకసారి పొద్దున ఎనిమిదికి, ఒకసారి వాన వెలిశాక. పొద్దున బాగున్న వీధి వాన తర్వాత మోకాలి లోతు నీళ్లలో ఉండటం, మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో చెప్పడానికి ఎవరో అందులో చెట్టుకొమ్మ గుచ్చడం రెండో రాకలోనే తెలిశాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదని తమరికి తెలిసే ఉంటుంది. 1929లో క్లారెన్స్ పెర్రీ అనే అమెరికన్, పేట అంటే ఎలా ఉండాలో గీసి చూపించాడు: నడుమ బడి, ఇళ్లన్నీ దానికి పావు మైలు దూరం లోపు, పెద్ద రోడ్లు పేట అంచుల్లో తప్ప లోపలికి రాకూడదు. అదే ఏడాది న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే ఊరు మొదలైంది. పిల్లలు కారు దారి దాటకుండా బడికి చేరేలా రోడ్ల కింద నుంచి బాటలు వేశారు. మన దేశంలో చండీగఢ్‌ను 800 మీటర్లు, 1200 మీటర్ల కొలతతో సెక్టార్లుగా కోసి, బడినీ బజారునూ సెక్టారు లోపలే పెట్టారు.

అంత దూరం దేనికి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ) ఉంది. ఉమ్మడి రాష్ట్రపు హౌసింగ్ బోర్డు ఫేజులుగా విడగొట్టి, ఆదాయాన్ని బట్టి ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ఇళ్లకు కొలతలు పెట్టి, అడ్డంగా నిలువుగా రోడ్లు వేసి, మధ్యమధ్య పార్కులకు స్థలం వదిలింది. అప్పటి ఇళ్లన్నీ ఇప్పుడు నాలుగైదు అంతస్తులయ్యాయి. కింద హాస్టలు, పక్కన కర్రీ పాయింటు, ఎదురుగా జిరాక్సు షాపు. అద్దె కట్టేవాడికి ఇది ఇరుకు. పాలపాకెట్‌కు వెళ్లిన పిల్లకు మాత్రం ప్రతి ముప్ఫై అడుగులకూ ఒక కొట్టు, అందులో ఒక మనిషి. వీధులు చిన్నవి కాబట్టి బండి జోరుగా పోలేదు. కూతురు ఏడు నిమిషాల్లో తిరిగొచ్చింది, అమ్మకేసి ఒక్కసారే చూసింది. ఇల్లు అక్కడే తీసుకున్నారు.

బడి నాలుగు వందల మీటర్లు. పేరున్న బడి కాదు. బంధువుల్లో సగం మంది పెదవి విరిచారు. ఇక్కడ అర్జీదారు తల్లిదండ్రుల వర్గం తరఫున నేరం ఒప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండేలా ప్రభుత్వం చూడాలి. మనలాంటి తల్లిదండ్రులు ఆ దూరంలోని బడులన్నీ దాటించి, ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డున్న చోటికి పిల్లల్ని పసుపు బస్సులో పంపుతారు. ఆ బస్సులు రోడ్డు నింపేస్తే, ‘ఈ ట్రాఫిక్‌లో పిల్లల్ని ఎలా నడిపిస్తామండీ’ అంటారు. మొన్నటిదాకా అర్జీదారు కూడా అన్నారు.

ఇంటి వరస తిరగేసినందుకు మూల్యం ఉంది. పిల్లల దారి తగ్గింది, తండ్రి దారి పెరిగింది. ఆయన రోజూ కేపీహెచ్‌బీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగుతారు. రెండో బాల్కనీ పోయింది. లిఫ్టు లేదు. గ్రైండరు మూడో అంతస్తుకు చేరడానికి నలుగురు మనుషులు, ఒక పూట పట్టింది.

ఇక అసలు మనవి. ఆ నాలుగు వందల మీటర్లలో ఫుట్‌పాత్ లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో మనిషి నడిచే భాగం కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి, తల మీద 2.2 మీటర్ల దాకా ఏదీ అడ్డు రాకూడదు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. స్తంభాలు, చెట్లు, పెట్టెలు నడిచే భాగంలో కాకుండా వేరే పట్టీలో ఉండాలి. కూతురు స్కేలు తీసుకుని వెళ్లి కొలిచింది. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ పోగా మిగిలింది 40 సెంటీమీటర్లు. కార్లు ఎక్కడానికి ఇంటింటికీ ఒక ర్యాంపు, మొత్తం ఇరవై మూడు. తమ్ముడు వాటిని ఎక్కి దిగడం ఆటనుకుంటున్నాడు. వాళ్ల నాయనమ్మ ఊరి నుంచి వస్తే ఆమెకు అది ఆట కాదు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌ల మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. జీవించే హక్కుకు 40 సెంటీమీటర్లు చాలవని కూతురి అభిప్రాయం. అర్జీదారు కోరేవి నాలుగే: ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్క పట్టీలోకి జరపడం, ర్యాంపులను గేటు లోపలికి నెట్టడం, మెయిన్ రోడ్డు దగ్గర కాలినడక వాళ్లు దాటడానికి బండ్లకు అరనిమిషం ఎర్ర దీపం, బడి గేటు ముందు పొద్దున ముప్పావు గంట కార్లు ఆపకుండా చూడటానికి ఒక మనిషి.

తనిఖీకి దయచేస్తే కారు తేవద్దని మనవి, పెట్టడానికి చోటు లేదు. మెట్రో దిగి నడిచి రండి. దారి కోసం కూతురు గీసిన పటం జతచేయడమైనది. అందులో ఎర్ర చుక్కలు ర్యాంపులు, నీలం చుక్కలు మంచి కుక్కలు. కర్రీ పాయింటు దాటాక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రోడ్డు మీదికి దిగక తప్పదు. దిగేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక తండ్రి

జతపరచినవి: పటం 1, తెగిన చిన్న చెప్పు (ఎడమ కాలిది) 1.