ఇంకెంత పక్కకి జరగాలి?

మళ్ళీ మొదలైంది. స్తంభాలకి కొత్త బోర్డులు, రోడ్డు మీద తెల్లరంగుతో బైకు బొమ్మ, దాని పక్కన బాణం. టూవీలర్లు ఎడమ పక్కనే పోవాలి. అదే భద్రత, అదే క్రమశిక్షణ, అదే నాగరికత. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఈ వారమంతా పండగే. నాలుగో అంతస్తు పెద్దమనిషి కొత్త కారుకి డాష్‌క్యామ్ పెట్టించుకున్న దగ్గర్నుంచి రోజుకో వీడియో వదులుతున్నాడు. ప్రతి వీడియోలోనూ కారు ముందు ఒక బైకు, బైకు మీద ఒక వీపు, కింద ఒకటే వ్యాఖ్య: "వీళ్ళకి లేన్ డిసిప్లిన్ ఎప్పుడొస్తుందో!" దానికి పదిహేను బొటనవేళ్ళు. మొన్న మంగళవారం వీడియోలో ఉన్న వీపు నాది. చొక్కా చూసి మా ఆవిడ గుర్తుపట్టింది.

"ఎడమకి పోవచ్చు కదా, నలుగురిలో నవ్వులపాలు కాకుండా" అంది.

పోవచ్చు. ఎవరొద్దన్నారు? పదహారేళ్ళుగా కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకి అదే బండి మీద పోయి వస్తున్నాను. ఆ ఎడమ అంచుని నాకన్నా బాగా ఎరిగినవాళ్ళు ఆ బోర్డు రాసినవాళ్ళలో ఒక్కరున్నా, నేను ఈ కాలమ్ ఇక్కడితో ఆపేసి బండి అమ్మేస్తాను.

ఎడమ అంచు అనేది ఖాళీ జాగా అనుకుంటున్నారు మీరు. కాదు, అదొక ఊరు. సర్పంచి లేడు గానీ జనాభా ఉంది. పొద్దున్నే మూసాపేట దాటగానే ముందు తగిలేవి ఆటోలు. అవి ఆగవు, కదలవు, రెంటికీ మధ్య ఏదో స్థితిలో ఉంటాయి, చెయ్యెత్తిన మనిషి కోసం యోగుల్లా కాచుకుని. ఆటోల తర్వాత బస్సు. బస్టాపు ఒకచోట, జనం ఒకచోట, బస్సు ఆగేది మూడోచోట. బస్సు వెనక కొబ్బరిబోండాల బండి, దాని పక్కన తాగి పడేసిన బోండాల గుట్ట, దానికి కాపలా ఒక ఆవు. ఎర్రగడ్డ దగ్గరకొచ్చేసరికి మెట్రో స్టేషన్ మెట్లు దిగిన జనం ఫుట్‌పాత్ ఎక్కడుందా అని వెతుక్కుంటూ రోడ్డు మీదే నిలబడతారు. పాపం వాళ్ళని అనడానికేముంది, ఫుట్‌పాత్ మీద ఫోన్ కవర్ల దుకాణం ఉంది. ఆపైన నిలిపి ఉంచిన కార్లు. వాటికి నాలుగు ఇండికేటర్లూ వెలుగుతుంటాయి. ఆ నాలుగు లైట్లూ వేస్తే ఎక్కడైనా, ఎంతసేపైనా ఆపుకోవచ్చని ఏ దేవుడు వరమిచ్చాడో.

ఇవన్నీ కనిపించే జనాభా. కనిపించనిది వేరే ఉంది: మ్యాన్‌హోల్ మూత. రోడ్డుతో సమానంగా ఉన్న మూతని నేనింతవరకు చూడలేదు. రోడ్డు పాడైన ప్రతిసారీ దాని మీదే ఇంకో పొర తారు పోస్తారు, మూతని మాత్రం పైకి లేపరు. మూడు పొరలయ్యేసరికి అది మూత కాదు, గొయ్యి. ఎవరో మొత్తుకుంటే వచ్చి లేపుతారు. అప్పుడది దిమ్మ. గొయ్యి నుంచి దిమ్మకి, దిమ్మ నుంచి గొయ్యికి, మధ్యలో ఎక్కడా ఆగదు. వాన పడితే నీళ్ళ కింద అది గొయ్యో దిమ్మో తేల్చుకోవలసినది ముందు చక్రమే.

ఆ నీళ్ళు కూడా ఎడమకే ఎందుకొస్తాయనుకున్నారు? రోడ్డు వేసేటప్పుడే అంచుకి వాలు పెడతారు, నీళ్ళు నిలవకూడదని. మంచి పనే. కానీ ఆ వాలు వెంట నీళ్ళొక్కటే రావు. లారీలు రాల్చిన ఇసుక, కంకర, పగిలిన హెడ్‌లైట్ అద్దం ముక్కలు, బురద, అరటితొక్కలు, అన్నీ దొర్లుకుంటూ వచ్చి చేరేది అక్కడికే. రోడ్డు తనకక్కర్లేనిదంతా ఎడమకి తోసేస్తుంది. ఇప్పుడు ఆ జాబితాలో మమ్మల్ని కూడా చేర్చారు.

ఇక ఎదురుగా వచ్చే బండి. యూటర్న్ కోసం కిలోమీటరు పోవడం ఇష్టం లేక, ఎడమ అంచునే పట్టుకుని, హెడ్‌లైట్ వేసుకుని, దర్జాగా మన మీదికే వస్తాడు. రాంగ్ రూట్ అని పేరు గానీ అతని దృష్టిలో అదే రూటు. నేనూ ఎడమనే, అతనూ అదే అంచునే. ఇద్దరం బోర్డు చెప్పిన చోటే ఉన్నాం. ఎవరు జరగాలి? నేనే జరగాలి, కుడికి. సరిగ్గా ఆ క్షణంలోనే మా నాలుగో అంతస్తాయన కెమెరా పనిచేస్తుంది.

ఒకసారి బుద్ధి గడ్డితిని నిజంగానే అంచు పట్టుకుని పోయాను. పోయిన వానాకాలం, సాయంత్రం ఆరున్నర, అమీర్‌పేట సిగ్నల్ ముందు. కార్లన్నీ ఆగి ఉన్నాయి. బుద్ధిమంతుడిలా కార్లకీ ఫుట్‌పాత్ రాయికీ మధ్యనున్న సందులో, హ్యాండిల్‌కి పాల సంచీ తగిలించుకుని, నడక వేగంలో పోతున్నాను. ఒక కారు వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. మోకాలు తలుపుకి, మోచెయ్యి రాయికి, బండి నా మీదికి. చెవుల్లో వైర్లు పెట్టుకున్న కుర్రాడొకడు దిగాడు. చెవిలోంచి ఒక వైరు మాత్రం తీసి అన్నాడు: "అంకుల్, జర చూస్కొని పోవాలె గదా!" ముందు సీట్లోంచి తండ్రి కాబోలు, తలుపుకి గీత పడిందేమోనని ఫోన్ లైటు వేసి చూసుకున్నాడు. గీత పడలేదు. ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయారు. నేను కింద కూర్చుని, పగిలిన పాకెట్లోంచి పాలు ఎటు పోతున్నాయో చూశాను. వాలు వెంట, తిన్నగా ఎడమకి, మ్యాన్‌హోల్ గోతిలోకి.

ఇదంతా అనుభవం, లెక్క కాదు అంటారేమో. లెక్కే చేద్దాం. పుస్తకాల ప్రకారం ఒక లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు. బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. నా బండి హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరికి 70 సెంటీమీటర్లు. రెండూ కలిపితే 3.3. మిగిలింది 20 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. ఆ జానెడునీ మూడు వాటాలు వెయ్యాలి. ఫుట్‌పాత్‌కీ నాకూ మధ్య ఒకటి, నాకూ బస్సుకీ మధ్య ఒకటి, బస్సుకీ అవతల లేన్‌కీ మధ్య ఒకటి. వాటాకి నాలుగు వేళ్ళు. నేను అంచుకి జరిగితే బస్సు నా పక్కనుంచి అదే లేన్లో సుఖంగా పోతుందని చెప్పేవాళ్ళు ఈ నాలుగు వేళ్ళ మందాన్ని సుఖం అంటున్నారు. అంచుకి జరిగిన బైకు వెనకున్నవాడికి ఒక్కటే మాట చెబుతుంది: దూరిపో. లేన్ నడుమ ఉన్న బైకు చెబుతుంది: ఆగు, పక్క లేన్ ఖాళీ అయ్యాక దాటు. రెండో మాట వినడం పెద్దమనుషులకి కష్టంగా ఉంది, అంతే.

నేనెక్కడుండాలో నాకు తెలుసు. ముందు కారు కుడి చక్రం నడిచిన జాడలో ఉంటే, ఆ డ్రైవరుకి నడిమి అద్దంలోనూ కుడి అద్దంలోనూ కనిపిస్తాను. గుంత వస్తే రెండు పక్కలా తప్పుకునే చోటుంటుంది. సిగ్నళ్ళ దగ్గర లేన్ సరిగ్గా మధ్యన బండ్ల నుంచి కారిన ఆయిలు ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త ఇటో అటో. ఇది నాకెవరూ నేర్పలేదు, పడి నేర్చుకున్నాను. లైసెన్సుకి వెళ్తే ఎనిమిది వేయమన్నారు. వేశాను. ఆ తర్వాత ఈ గుంతల రోడ్లు రోజూ వేయిస్తూనే ఉన్నాయి.

ఇంతవరకు నవ్వుతూనే చెప్పాను. ఇక్కడి నుంచి నవ్వు రావడం లేదు.

పన్నెండు మీటర్ల బస్సు ఎడమకి తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారినే వెనక చక్రాలు పోవు. అవి లోపలికి, మలుపు వైపుకి కోసుకుంటూ వస్తాయి. డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు. ఎడమ ముందు మూలలో, బస్సుని ఆనుకుని ఉన్న మనిషి అతనికి దాదాపు కనిపించడు. ప్రతి కూడలిలోనూ మనం ఫ్రీ లెఫ్ట్ అని రాసిపెట్టుకున్న చోటు అదే. ఇప్పుడు ఆ బోర్డు ఏ మనిషిని తీసుకెళ్ళి ఎక్కడ నిలబెడుతోందో చూడండి. తిన్నగా పోవలసిన బైకుని, ఎడమకి తిరగబోయే బస్సుకి ఎడమన! కనిపించని చోట, చక్రం కోసుకొచ్చే చోట! దీన్ని భద్రత అని రాయడానికి చెయ్యెలా వచ్చింది? బస్సు డ్రైవరు చేతిలో ఏమీ లేదు, బైకు మీద కుర్రాడి చేతిలోనూ ఏమీ లేదు. ఇద్దరూ నియమం పాటిస్తున్నారు. మర్నాడు పేపర్లో మాత్రం "అదుపు తప్పి బస్సు కిందపడ్డ యువకుడు" అని వస్తుంది. ఏ అదుపు? ఎవరు తప్పారు?

కేంద్ర రవాణా శాఖ లెక్కలోనే 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో టూవీలర్ల మీదున్నవాళ్ళు 74,897 మంది. వందలో నలభై నాలుగు మందికి పైనే. ఈ అంకె చూసి ఎవరికైనా బైకుకి చోటు పెంచాలని తోచాలి. మనవాళ్ళకి తోచింది ఇంకా పక్కకి నెట్టాలని.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ అని ఒక సెక్షను పెట్టారు. రోడ్డు సరిగ్గా వెయ్యనందువల్లో, చూసుకోనందువల్లో ప్రాణం పోతే, అవయవం పోతే, ఆ రోడ్డు బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. నా ఫోన్‌కి హెల్మెట్ పట్టీ పెట్టుకోలేదని చలానా వచ్చింది, ఫొటోతో సహా. మ్యాన్‌హోల్ మూతకి ఫొటో తీసి ఎవరి ఫోన్‌కైనా పంపారా? పంపితే నాకూ ఒక కాపీ ఇప్పించండి, ఫ్రేమ్ కట్టించుకుంటాను.

మావాళ్ళంతా శుద్ధపూసలని నేననను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి నడిపేవాడు, ముగ్గుర్ని ఎక్కించుకునేవాడు, సిగ్నల్ పడగానే ఫుట్‌పాత్ ఎక్కేవాడు, అందరూ మావాళ్ళే. వాళ్ళకి చలానా వేయండి, రెండు వేయండి. గులాబీ పువ్వు ఇవ్వకండి. కూడలిలో యముడి వేషం కట్టిన మనిషిని నిలబెట్టకండి, పాపం ఆ దున్నపోతుకి కూడా ఎడమన చోటుండదు.

ఎడమ పక్కన నడపాలన్న మాట, 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ఉండేది. మోటారు వాహనాలన్నిటికీ ఉండేది, అదీ అనుకూలమైనంత మేరకు. కారుకి కుడి, బైకుకి గట్టు అని అందులో లేదు. నేను బండి కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టించుకున్నవాళ్ళు "మీది టూవీలరు కదా, ఎడమ రెండడుగులకే కట్టండి చాలు" అనలేదు. మొత్తం రోడ్డుకే కట్టించుకున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రావద్దన్నారు, సరే అన్నాం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కొద్దన్నారు, కిందనుంచే పోతున్నాం, స్తంభాల నంబర్లు లెక్కపెట్టుకుంటూ. మలేషియావాళ్ళు బైకులని పక్కకి పెట్టదలుచుకుని 1970లలోనే హైవే పక్కన వాటికో వేరే దారి కట్టారు. దారి కట్టారు, గమనించండి. బొమ్మ వేసి ఊరుకోలేదు.

కారులో ఒక్కడే కూర్చుని, పక్క సీటూ వెనక మూడు సీట్లూ గాలికి వదిలేసి, అరటిపండు ఒలుచుకున్నంత తీరిగ్గా లేన్ మొత్తం ఆక్రమించిన మనిషి, ముందు పోతున్న బైకుని చూసి "రోడ్డంతా నీదేనా?" అని హారన్ కొడతాడు. ఈ ప్రశ్న ఎవరు ఎవర్ని అడగాలో నాకిప్పటికీ తేలలేదు.

నాలుగో అంతస్తు సార్, మీకొక్క మనవి. మంగళవారం వీడియోలో నా ముందు పడి ఉన్న బోండాం మీ కెమెరాకి కనపడలేదు, నా వీపు అడ్డమొచ్చింది. రేపు సరిచేస్తాను. తొమ్మిదింపావుకి మూసాపేట దాటాక రెండో లేన్‌లో ఉంటాను. హెల్మెట్ ఎర్రది, చొక్కా మా ఆవిడ కొత్తగా కొన్నది. మీరు వెనక రండి, కాస్త దూరంగా. ఫ్రేములో నడిమధ్యకి వస్తాను.