కిక్కే రేసు!

ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 1907 నుంచి బైకు రేసులు జరుగుతున్నాయి. అంత దూరం మనమేం పోతాం? ఆదివారం పొద్దున్నే జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలోనే పాత బళ్ల పందెం చూసొచ్చాం. రైలింజన్లూ లారీలూ చేసి రిటైరైన పెద్దలే రేసుగాళ్లు. పందెమంతా స్టార్ట్ చేయడంలోనే!

మావయ్యగారిది మైసూరు జావా. దానికి గేరు రాడ్డే కిక్కు రాడ్డు. లోపలికి నొక్కి, పైకి తిప్పి, తన్నాలి. పదకొండు తన్నులు తన్నారు. పన్నెండోసారి టక్కుమంది... బండి కాదు, మోకాలు. పక్కనున్న యెజ్డీ ఆయన మాత్రం నీలం పొగతో వీధి దోమలన్నిటికీ వీడ్కోలు చెప్పి సాగిపోయాడు.

"అప్పట్లో ఒక్క తన్నుకే డిమ్నా చెరువు దాకా పోయేది" అని నిట్టూర్చారు మావయ్య.

బాల్కనీలోంచి అత్తయ్య గొంతు: "పెట్రోలు ట్యాపు తిప్పారా?"