నిరుడు గెలిచిన గుర్రం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

నిరుడు గెలిచినట్టి నీలిగుర్ర మదేది
చీటిలోన పేరు చేరలేదు
కూత వేసి బండి గూడూరు వీడగా
గిండి చేరులోన గెంతె డబ్బు

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరో తెలియదు. గూడూరు జంక్షన్‌లో మద్రాసు బండి ఆగే ప్లాట్‌ఫారం మీద, నిమ్మకాయల బస్తాల పక్కన పుట్టిందని స్థలపురాణం. చెన్నై అనకుండా మద్రాసంటారేమని అడగవద్దు. 1996లో పేరు మారినా మా వైపు పెద్దవాళ్ళ నోట అది ఇంకా మద్రాసే. పద్యం పుట్టినప్పుడు గూడూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో తేలింది. కవి బెంచీ మీద నుంచి లేవకుండానే కావ్యం జిల్లా మారింది!

కాలం ఫిబ్రవరి మొదటి ఆదివారం. బొంబాయి మహాలక్ష్మి మైదానంలో ఆ రోజుల్లోనే ఇండియన్ డెర్బీ జరుగుతుంది. దూరం 2400 మీటర్లు. బొంబాయి దాకా పోలేని గూడూరు రసికుడు 140 కిలోమీటర్లు రైల్లో పోయి, సెంట్రల్‌లో దిగి, పార్కు స్టేషన్‌లో లోకల్ ఎక్కి గిండిలో దిగుతాడు. బొంబాయి పందేనికి గిండి రేసుకోర్సులో డబ్బు కట్టే ఏర్పాటు రేసు క్లబ్బుల మధ్య ఉండేది.

ప్రతిపదార్థం

నిరుడు = పోయిన ఏడు; గెలిచినట్టి = ముక్కు ముందు పెట్టినట్టి (గుర్రప్పందెంలో ముక్కే ప్రమాణం, కాళ్ళు కావు); నీలిగుర్రము = దీనికి కింద వేరే వ్యాఖ్య ఉంది; చీటి = రేసు పుస్తకం; కూత వేసి = ఇది బండికే అన్వయం, గుర్రానికి కాదు, గుర్రం సకిలిస్తుంది; గెంతె = దూకి పోయెను; డబ్బు = తెలిసిందే.

తాత్పర్యం

నిరుడు గెలిచిన గుర్రం మీదే ఈ ఏడూ కడదామని బయలుదేరినవాడికి ఆ గుర్రం పేరు చీటిలో కనబడలేదు. బండి గూడూరు వదిలి గిండి చేరేలోగా డబ్బు పోయింది.

విశేషాలు

ముందు ‘నీలి’ సంగతి తేల్చాలి. రేసు గుర్రాల్లో నీలం రంగుదంటూ లేదు. కపిల, గోధుమ, బూడిద రంగులే ఎక్కువ. బూడిదరంగు పిల్ల వేరే రంగులో పుట్టి ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లబడుతుంది. కాబట్టి గుర్రం చీటిలో ఉంది, మనవాడే గుర్తుపట్టలేదు అని నిమ్మకాయల కమీషన్ కొట్టు వ్యాఖ్యాత వాదం. ఈయన ఆదిపర్వం బాగా చదివినట్టున్నాడు. గుర్రం మీద మన దేశంలో మొదటి పందెం కద్రువ, వినతల మధ్య జరిగింది. ఉచ్చైశ్శ్రవం తోక నలుపని ఒకరు, తెలుపని ఒకరు. కద్రువ కొడుకుల్ని పంపి తోకకు పాముల్ని వేలాడదీయించింది. ఇవాళ రేసు క్లబ్బుల్లో స్టివార్డులని కొందరు కూర్చుని ఉండేది ఇలాంటి కొడుకుల కోసమే.

కమీషన్ కొట్టు వాదం అందంగా ఉంది గానీ నిలవదు. పూర్వవ్యాఖ్యాతలంతా జారిపడ్డది ‘చీటిలోన పేరు చేరలేదు’ అన్నచోట. గుర్రం కుంటిదయిందని ఒకరు, యజమాని అమ్మేశాడని ఒకరు రాశారు. అసలు సంగతి శాస్త్రంలో ఉంది. ఇండియన్ డెర్బీలో నాలుగేళ్ళ గుర్రాలే పరుగెత్తాలి. ఇంగ్లండ్ డెర్బీలో అయితే మూడేళ్ళవి. నిరుడు నాలుగేళ్ళది ఈ ఏడు అయిదేళ్ళది. అంతే. ఎంత గొప్ప గుర్రానికైనా డెర్బీ జన్మకొకటే. పైగా వయసు లెక్కకు ఇక్కడి రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1. ఇది విని నవ్వేవాళ్ళు తమ టెన్త్ సర్టిఫికెట్ తీసి చూసుకోండి. మా బళ్ళో అయ్యవారు సగంమందిని జూలై 1న పుట్టించాడు.

శంక: మెల్‌బోర్న్ కప్పులో 1861, 1862 రెండేళ్ళూ ఆర్చరే గెలిచింది కదా? ఇంగ్లండ్ గ్రాండ్ నేషనల్‌లో రెడ్ రమ్ 1973, 1974, 1977ల్లో మూడుసార్లు గెలిచింది కదా? సమాధానం: అవి డెర్బీలు కావు, హ్యాండికాప్ పందేలు. అక్కడ పాత గుర్రం మళ్ళీ రావచ్చు, కానీ గెలిచినందుకు వీపు మీద బరువు పెంచుతారు. ఫార్ లాప్ అనే మహాగుర్రం 1930లో మెల్‌బోర్న్ కప్పు గెలిచింది. 1931లో దాని మీద 68 కిలోలు వేశారు. ఎనిమిదోదిగా వచ్చింది. ఉమ్మడి కుటుంబంలో పనిచేసే కొడుకు సంగతి ఎరిగినవాళ్ళకు ఈ సూత్రం విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక ‘గెలిచినట్టి’ అన్న బహువ్యాపక పదంలో కవి పాత విజేతలందర్నీ ఇరికించాడు. అశ్వనామ నిర్వచనం మాకు ప్రీతి గనక కొంచెం నిలుద్దాం. 1943లో మొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది ప్రిన్సెస్ బ్యూటిఫుల్, బరోడా మహారాజా గారి ఆడగుర్రం. విశేష్యం ముందు, విశేషణం వెనక పడ్డాయి. ఛందస్సు కోసం కాబోలు. 1977లో గెలిచింది స్క్వాండరర్, అనగా దుబారా మనిషి. ఈ దుబారా మనిషి 19 పందేలు పరుగెత్తి 18 గెలిచాడు. పేరు గుర్రానిది, అర్థం దాని మీద కట్టనివాళ్ళది. దీన్ని అలంకారికులు అసంగతి అంటారు: కారణం ఒకచోట, కార్యం మరొకచోట. 2010 నాటి జాకలీన్ రూఢినామం, విడదీయడానికి లేదు. 2016 నాటి డెజర్ట్ గాడ్ షష్ఠీ తత్పురుష, ఎడారి యొక్క దేవుడు. వానలకు బొంబాయి మునిగిన ఏ సంవత్సరమూ గుర్తురానివాడే ఈ పేరు పెట్టగలడు.

అసలు ‘డెర్బీ’ అన్న మాటే నాణెం ఎగరేస్తే వచ్చిందంటారు. ఇంగ్లండ్‌లో డెర్బీ ప్రభువూ, చార్లెస్ బన్‌బరీ అనే ఆయనా పందేనికి ఎవరి పేరు పెట్టాలని బొమ్మా బొరుసూ వేస్తే డెర్బీ గెలిచాడట. 1780లో తొలి పందెం మాత్రం బన్‌బరీ గుర్రం డయోమెడ్ కొట్టుకుపోయింది. నాణెం అటు పడి ఉంటే ఇవాళ మలక్‌పేటలో జనం దక్కన్ బన్‌బరీకి క్యూ కట్టేవాళ్ళు. (మలక్‌పేట డెర్బీ మామూలుగా అక్టోబరు 2న. ఆ రోజు బ్రాందీ షాపులు మూసి ఉంటాయి, బుకీల స్టాళ్ళు తెరిచి ఉంటాయి. దీని మీద వ్యాఖ్య రాయమని నన్ను అడగవద్దు.)

పద్యంలో ముడి నాలుగో పాదం. గిండి ‘చేరులోన’, అంటే చేరకముందే, డబ్బు ఎలా గెంతింది? బుకీని చూడలేదు, టోట్ కౌంటరు దగ్గరికి పోలేదు, విన్నూ ప్లేసూ క్వినెల్లా ఏదీ కట్టలేదు. ‘చేరులోన’ లేఖక దోషమనీ, ‘చేరినంత’ అని దిద్దాలనీ ఒక పండితుడు అన్నాడు. ఆయన ఎప్పుడూ ఆ బండి ఎక్కి ఉండడు. ఎక్కినవాడికి తెలుసు. నాయుడుపేట దాటేసరికి నలుగురి మోకాళ్ళ మీద తువ్వాలు పరుస్తారు. సూళ్ళూరుపేటలో చెయ్యి తిరుగుతుంది. తడ దాటి రాష్ట్రం మారేసరికి జేబు మారుతుంది. డబ్బు గెంతింది రమ్మీలో. గుర్రం పాపం ఏమీ ఎరగదు.

ఇది జూదమా? సుప్రీంకోర్టు 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అంది. 1996 జనవరిలో మద్రాసు గుర్రప్పందేల కేసులోనూ అదే అంది. గుర్రప్పందెం నేర్పుతో కూడుకున్నది, అదృష్టం మీదే ఆధారపడ్డ జూదం కాదు అని. ఈ మాట అరణ్యపర్వం ముందే అంది. బాహుకుడి రూపంలో రథం తోలిన నలుడు ఋతుపర్ణుడికి అశ్వహృదయం ఇచ్చి, ఆయన దగ్గర అక్షహృదయం పుచ్చుకున్నాడు. గుర్రం విద్యకు పాచికల విద్య సరిగ్గా మారకం పలికిందంటే రెండూ విద్యలే కావాలి. మా బండిలో మాత్రం నలులే ఉంటారు, ఋతుపర్ణులు లేరు. అందరూ ఇచ్చేవాళ్ళే.

నవీనులు ఇంకో అర్థం చెబుతున్నారు. గిండిలో 160 ఎకరాలు మద్రాసు రేసు క్లబ్బుకు పూర్వం ఏడాదికి 614 రూపాయల చిల్లర కౌలుకు ఇచ్చారు. బాకీ 730 కోట్ల పైమాటని తమిళనాడు ప్రభుత్వం లెక్క కట్టి, 2024 సెప్టెంబరులో కౌలు రద్దు చేసి గేటుకు సీలు వేసింది. గెంతిన డబ్బు ఈ 730 కోట్లేనట. పద్యం అంతకన్నా పాతది. అయినా మంచి పద్యానికి తర్వాత జరిగినవి కూడా అర్థాలవుతాయి గనక కొట్టేయడం లేదు.

ఆ ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక పెద్దాయన ఉంటాడు. 1943 నుంచి డెర్బీ గెలిచిన గుర్రాల పేర్లన్నీ వరసగా అప్పజెబుతాడు. జీవితంలో ఒక్క రూపాయి కట్టలేదు. మా కుర్రవాడొకడు ఆయన్ని పట్టుకుని, “ఇన్ని పేర్లు తెలుసు గదా తాతా, ఈ ఏడు ఏది గెలుస్తాదో చెప్పు” అన్నాడు. ఆయన అంగీ జేబులోంచి చిన్న నోటుబుక్కూ పెన్సిలూ తీశాడు.

“పోయేది నువ్వు గదబ్బయా. సాయంత్రం వచ్చేటప్పుడు నువ్వే చెప్పు, రాసుకుంటా.”