పరిశోధనా సమన్వయ శాస్త్రం: ప్రథమాధికరణం

1. శాస్త్రారంభం

విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర విభాగాలలో పరిశోధన ఎట్లు చేయవలెనో బోధించే గ్రంథాలు కోకొల్లలు. ఆ పరిశోధనకు సంబంధించిన ఫైలు ఎట్లు నడుచునో నిరూపించే లక్షణగ్రంథం మాత్రం ఒక్కటైనా లేకపోవడం విద్వల్లోకానికి తీరని కొరత. ఆ కొరతను తీర్చడానికే ఈ ప్రయత్నం. ఒక బల్ల నుండి మరొక బల్లకు కాగితం చేసే సంచారం, దానికి కలిగే విఘ్నాలు, ఆ విఘ్నాలకు పరిహారాలు: ఈ మూడింటి సమాహారమే సమన్వయం. ఈ విద్యకు ప్రాజెక్టు డైరెక్టరు అధికారి కాడు, నిమిత్తమాత్రుడు. ఒప్పంద పద్ధతిపై నియుక్తుడై, తన జీతపు ఫైలును కూడా తానే మోసుకొని తిరిగే ప్రాజెక్టు అసిస్టెంటే ముఖ్యాధికారి.

ఇది అర్వాచీన విద్య అనే ఆక్షేపణ నిలువదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రపు ద్వితీయాధికరణానికి అధ్యక్షప్రచారమని పేరిడి, అక్షపటలమనే లెక్కల కచేరీకి ప్రత్యేక ప్రకరణం కేటాయించి, ఏటా ఆషాఢమాసంలో లెక్కలు అప్పగించవలెనని శాసించాడు. నేడు ఆషాఢం మార్చి 31కి జరిగింది. అంతకుమించి భేదం కానరాదు. ధనాపహరణానికి ఆయన లెక్కించిన నలభై మార్గాలు ఈ శాస్త్రానికి బాహ్యం గనుక ఇక్కడ చర్చింపబడవు. పాశ్చాత్యులలో రోనాల్డ్ కోజ్ పండితుడు లావాదేవీలకు సైతం ఖర్చు కలదని 1937లో ప్రతిపాదించి, 1991లో నోబెల్ బహుమానం పొందాడు. ఆయన శాస్త్రపు గుమ్మం వరకు వచ్చాడు గాని రిజిస్ట్రారు కార్యాలయపు గుమ్మం ఎక్కలేదు.

2. గతిభేదాలు

ఫైలుకు గతులు నాలుగు. విభాగం నుండి పరిపాలనా భవనానికి పోవడం ఊర్ధ్వగతి. ప్రశ్నతో తిరిగి రావడం అధోగతి. అకౌంట్స్ సెక్షన్ నుండి ఆడిట్‌కు, ఆడిట్ నుండి అకౌంట్స్‌కు సంచరించడం తిర్యగ్గతి. ఇవి సులభగ్రాహ్యాలు గనుక విస్తరించనక్కరలేదు.

నాలుగవది స్థితి. చలనం లేనిదానిని గతి అనవచ్చునా అని మందబుద్ధులు శంకిస్తారు. ఫైలు ఆయుర్దాయంలో అధికభాగం స్థితిలోనే గడచుటచేత దానిని గతులలో చేర్చకపోతే శాస్త్రం శూన్యప్రాయమవుతుందని సమాధానం. 'సార్ దగ్గర ఉంది', 'సార్ టేబుల్ మీద ఉంది', 'సార్ చూస్తున్నారు' అనే మూడు వాక్యాలు పామరులకు సమానార్థకాలు. మొదటిదానిలో సార్ ఉన్నారు, ఫైలు జాడ అనుమానప్రమాణం వల్ల మాత్రమే తెలియదగినది. రెండవదానిలో ఫైలు ఉంది, సార్ లేరు. మూడవదానిలో ఇద్దరూ ఉన్నారు గాని వారిమధ్య సంబంధం ఏర్పడలేదు. 'పుటప్ చేశామండీ' అనేది ఈ మూడింటికీ అతీతమైన తురీయావస్థ. దానిని గూర్చి ప్రశ్నించరాదు.

3. హస్తాక్షర ప్రకరణం

పూర్ణ సంతకం, పొట్టి సంతకం అని సంతకం ద్వివిధం. పొట్టి సంతకం 'చూచితిని' అని చెప్పునే గాని 'అంగీకరించితిని' అని చెప్పదు. ఆపత్కాలంలో 'చూడలేదు' అని కూడా చెప్పగలదు. ఈ అర్థగాంభీర్యం వల్లనే అనుభవజ్ఞులు దానినే ఆశ్రయిస్తారు. సంతకం ఉండవలసిన చోట 'డిస్కస్' అన్న ఒక్క మాట వెలసినప్పుడు, ఎవరితో, ఎప్పుడు, దేనిని గూర్చి అనే మూడు ఆకాంక్షలు అపరిపూర్ణంగా మిగులుతాయి. అవి తీరేలోపు అధికారి బదిలీ కావడం శిష్టాచారం.

4. క్రయవివాదం

శాఖాభేదాలు తీవ్రరూపం దాల్చేది ప్రింటరు టోనరు విషయంలో. కేంద్రప్రభుత్వపు 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్సు 154వ నియమం ప్రకారం, సరుకు నాణ్యత గురించి, ధర సమంజసత గురించి స్వయంగా తృప్తి చెందితినని ధ్రువపరచి నిర్ణీత పరిమితి (2017లో 25,000 రూపాయలు) వరకు కొటేషన్లు లేకయే కొనవచ్చును. ప్రత్యక్షవాదులకు ఇదే ప్రమాణం. త్రికొటేషన్‌వాదులు దీనిని అంగీకరించరు. మనిషి స్వయంగా తృప్తి చెందుట అసంభవమని వారి పూర్వపక్షం. ఏ4 కాగితాల కట్టకైనా మూడు కొటేషన్లు, తులనాత్మక పట్టిక తప్పవని వారి సిద్ధాంతం.

వీరిలోనూ మరల చీలిక ఉంది. మూడు కొటేషన్లూ ఒకే దుకాణదారు సమకూర్చి ఇచ్చినచోట త్రిత్వం భంగపడునని ద్వైతులు, లెటర్‌హెడ్లు మూడైనను తత్త్వం ఒక్కటేనని అద్వైతులు. ఆడిటరు వచ్చేవరకు అద్వైతమే ఆచరణయోగ్యమని ఈ గ్రంథకర్త అభిప్రాయం.

5. వినియోగ ధ్రువపత్ర రహస్యం

1969లో స్థాపితమైన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి వంటి దాతలు ధనాన్ని వాయిదాలలో అనుగ్రహిస్తారు. తరువాతి వాయిదా రావలెనంటే 12-ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ పోవలెను. సర్టిఫికెట్ పోవలెనంటే ఖర్చు జరగవలెను. ఖర్చు జరగవలెనంటే గ్రామాలలో సర్వే చేసిన ఇన్వెస్టిగేటర్లకు పైకం ముట్టవలెను. పైకం ముట్టవలెనంటే తరువాతి వాయిదా రావలెను. తార్కికులు దీనిని చక్రకదోషమన్నారు. సమన్వయవేత్తలు దీనిని ఆర్థిక సంవత్సరం అంటారు. దోషపరిహారం ఒక్కటే: డైరెక్టరు సొంతజేబు నుండి చెల్లించి, రశీదులు అతికించి, రీయింబర్స్‌మెంటుకై వేరొక ఫైలు ప్రారంభించడం. తద్ద్వారా శాస్త్రానికి వంశాభివృద్ధి కలుగుతుంది.

ప్రయాణపు హెడ్‌లో మిగిలిన సొమ్ము కంటింజెన్సీ హెడ్‌లోనికి అనుమతి లేక ప్రవేశించరాదు. ఒకే బ్యాంకు ఖాతాలో పక్కపక్కనే శయనించినను వాటి మధ్య అస్పర్శ పాటింపబడును. గ్రాంటుపై వచ్చిన వడ్డీ భారత సంచిత నిధికి తిరిగి చెల్లవలసినది. కాలంతోపాటు ధనం విలువ మారునని విద్యార్థులకు బోధించే ఆచార్యుడు ఈ వడ్డీని లెక్కగట్టి, డిమాండ్ డ్రాఫ్టు తీయించేందుకు బ్యాంకులో నిలబడడం సిద్ధాంతానుష్ఠానాల ఏకత్వానికి నిదర్శనం.

6. సిద్ధాంతం

పరిశోధన కొరకు సమన్వయమా, సమన్వయం కొరకు పరిశోధనయా అనే చిరకాల సంశయం తుదిఫైలును పరిశీలించినచో తీరుతుంది. అందు సర్టిఫికెట్ అంగి, ఆస్తుల జాబితా అంగం, పరిశోధనా నివేదిక జతపరచబడిన అనుబంధం. అనుబంధం లేని ఫైలు ప్రశ్నతో తిరిగి వచ్చును గాని, సర్టిఫికెట్ లేని ఫైలు అసలు లోనికే పోదు. కావున సమన్వయమే ప్రధానం.

ఈ అధికరణంపై సందేహాలుగల పాఠకులు వాటిని మూడు ప్రతులలో, తమ శాఖాధిపతి ద్వారా, త్రూ ప్రాపర్ ఛానెల్ పంపవలెను. అడ్వాన్సు కాపీలు స్వీకరింపబడవు.